నీడకు ఆరిన మైలుతుత్తం

మా పెరట్లో ఒక నిమ్మచెట్టు ఉంది. చెట్టు అని దాని మనసు నొప్పించకుండా అంటున్నాను గానీ, నిజానికి అది ఎనిమిదేళ్లలో పదకొండు కాయలు కాసిన ముళ్ల కట్టె. ఈ ఏడు దాని కాండం నుంచి బంక కారడం మొదలైంది. మా వీధిలో చెట్ల వైద్యులు కానివాళ్లు లేరు కాబట్టి తలా ఒక మందు చెప్పారు. చివరికి మైలుతుత్తం, సున్నం కలిపి కాండానికి పూయడం దగ్గర అందరికీ రాజీ కుదిరింది. మొన్న కొత్తకోటలో మా అన్నావదినల ఇంటికి పోయి తిరిగి వనపర్తి బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఎదురుగా ఉన్న ఎరువుల దుకాణంలో పావుకిలో కొన్నాను. దుకాణమాయన పొట్లం కడుతూ, నోట్లో పెట్టుకోవద్దని, విషమని రెండుసార్లు చెప్పాడు. యాభై దాటినా నా ముఖంలో ఏది కనబడితే అది నోట్లో వేసుకునే లక్షణం ఏదో మిగిలి ఉన్నట్టుంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పొట్లం విప్పి చూశాను. చూడకుండా ఉండలేను, నాకు ఆ నీలం అంటే భయం, ఇష్టం రెండూ ఉన్నాయి. నెమలి చూస్తే సిగ్గుపడి కృష్ణలో దూకేంత నీలం అది. రాళ్లు కొన్నింటి అంచులు ఆరిపోయి, బూడిద చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపు చూశాక కండక్టరు టికెట్టు అడిగింది కూడా వినబడలేదు. ఇరవై తొమ్మిదేళ్ల కింద, ఆ తెలుపు మీద మా వదిన చదువు మొత్తం నిలబడి ఉండింది.

మా వదిన గద్వాల పిల్ల. వాళ్లది మగ్గాల ఇల్లు. మాదీ ఆ కులమే గానీ మా తాత కాలంలోనే మగ్గం అటకెక్కింది. మా నాయిన వనపర్తిలో కుట్టుమిషను పెట్టుకొని, ఊరివాళ్లు తెచ్చిన బట్టను కత్తిరించి బతికేవాడు. అందుకని గద్వాల చుట్టాల ముందు మాకు ఎప్పుడూ ఒక మెట్టు తక్కువే. నేసేవాళ్లలో సగం దేవుడుంటాడు, కోసేవాళ్లలో సగం ఎలుక ఉంటుంది అని వదిన వాళ్ల నాయిన పెళ్లి భోజనాల దగ్గర ఒక మాట అన్నాడు. అందరూ నవ్వారు. మా నాయిన కూడా నవ్వి, ఆ తర్వాత మూడేళ్లు గద్వాల వైపు తల పెట్టి పడుకోలేదు.

పెళ్లినాటికి వదిన గద్వాలలో డిగ్రీ రెండేళ్లు చదివి ఉంది. మూడో ఏడు మా ఊరి కాలేజీకి మార్పించుకుంది. సరిగ్గా అదే సమయానికి, కాలేజీకి పోవడం తప్ప మిగతా పనులన్నీ శ్రద్ధగా చేసినందువల్ల హాజరు చాలక నేను ఒక ఏడాది ఆగిపోయి ఉన్నాను. అలా వదినా మరుదులం ఒకే తరగతిలో, ఒకే బెంచీ మీద పడ్డాం. వారం తిరక్కుండా తరగతి మొత్తానికి ఆమె వదినే అయిపోయింది. అంతమంది మరుదులు పురాణాల్లో కూడా ఏ వదినకూ ఉండి ఉండరు. మా కెమిస్ట్రీ సారు కూడా ఒకసారి హాజరు పిలుస్తూ నోరు జారి "వదినా" అన్నాడు. ఆమె కూడా అలవాటు కొద్దీ "ఆఁ" అంది.

చదువు మాత్రం ఆమెకు ఆట కాదు. టీచరు కావాలన్నది ఏడో తరగతి నుంచి పెట్టుకున్న కోరిక. డిగ్రీ అయితే బీఎడ్, బీఎడ్ అయితే బడి. ఈ దారిలో అడ్డంగా కూర్చున్నది మా అమ్మ మోకాళ్లు. అమ్మ చెడ్డది కాదు. తెల్లవారుజామున అన్నకు సద్ది కట్టి కొత్తకోట షెడ్డుకు పనికి పంపడం దగ్గర మొదలుపెడితే, ఇంటి పనంతా ఆమె మోకాళ్ల మీదే నడిచేది. అవి మాత్రం నడవడం మానేస్తున్నాయి. వదినను కాలేజీకి పంపే రోజు అమ్మ ఒకే షరతు పెట్టింది. "సదువుకో పిల్లా, నేనొద్దంటలేను. గాని ఒక్కటి పోయినా మళ్ల రాసుడు గీసుడు లేదు. నా మోకాళ్లు ఇంకో ఏడాది ఆగయి." వదిన తలూపింది. అదే షరతు నాకు ఎందుకు పెట్టలేదని నేను అడగలేదు. నా మీద అమ్మకు అంత నమ్మకం లేదు.

ఇక మా కాలేజీ రసాయనశాల గురించి చెప్పాలి. దాని తలుపు తెరిస్తే వచ్చే వాసనకు బస్టాండు మీద ఎగిరే కాకులు దారి మార్చుకునేవి. బల్లల మీద ఆమ్లాలు పడి పడి, వాటి మీద ప్రపంచపటంలో లేని దేశాలు కూడా ఏర్పడ్డాయి. అక్కడ రాజు మా అటెండరు మామ. సార్లు మారినా ఆయన మారలేదు. అలమర తాళాలు, గాజుసామాను, ఎవరికి ఏ సీసా ఇవ్వాలన్న నిర్ణయం అన్నీ ఆయనవే. ఆ అలమర నెత్తిన మూతతో ఒక పెద్ద గాజుపాత్ర ఉండేది. దాని మీద ఎప్పుడూ ఒక తువ్వాల కప్పి ఉండేది. అదేమిటని అడిగితే, సముద్రాలు దాటి వచ్చిన సామానని, గట్టిగా చూస్తే పగులుతుందని, పగిలితే మా మూడు తరాలు కట్టినా తీరదని చెప్పేవాడు. మేం దాని వైపు చూడటానికి కూడా భయపడి, తల పక్కకు తిప్పుకొని నడిచేవాళ్లం.

ప్రాక్టికల్ పరీక్షకు వచ్చే ప్రయోగాల్లో ఒకటి మైలుతుత్తంలో, అంటే కాపర్ సల్ఫేట్‌లో, నీళ్లు ఎంతో తేల్చడం. చేతిలో పట్టుకుంటే ఆ రాయి పొడిగా గలగలలాడుతుంది. కానీ దాని బరువులో మూడో వంతు కన్నా ఎక్కువ నీళ్లే. ఒక్కో మైలుతుత్తం అణువు ఐదు నీటి అణువులను కొంగున కట్టుకొని తిరుగుతుంది. ఆ నీలం కూడా వాటి పుణ్యమే. పింగాణీ మూసలో, అంటే కంసాలి బంగారం కరిగించేలాంటి చిన్న గిన్నెలో, కాచితే నీళ్లు ఆవిరైపోయి తెల్లటి పొడి మిగులుతుంది. కాచకముందు ఒక తూకం, కాచిన తర్వాత ఒక తూకం. తగ్గినదంతా నీళ్లు. మళ్లీ కాచి, మళ్లీ తూచి, రెండు తూకాలు ఒకటే వస్తే పూర్తయినట్టు. లెక్క కడితే ఐదు రావాలి.

ఐదు రావాలని పుస్తకంలోనే ఉంది. జవాబు ముందే తెలిసిన ప్రశ్న కోసం పొయ్యి వెలిగించి కళ్లు మండించుకోవడం దేనికన్నది మా తరగతి సిద్ధాంతం. అందుకని మేం ఐదు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచి తూకాలు కనిపెట్టేవాళ్లం. ఈ విద్యలో నేను ఆరితేరినవాణ్ణి. సరిగ్గా ఐదు రాస్తే అనుమానం వస్తుంది. నాలుగు పాయింట్ తొంభై ఏడో, ఐదు పాయింట్ సున్నా రెండో రాస్తే, పాపం కష్టపడ్డాడు అనిపిస్తుంది. అబద్ధానికి కూడా కొంచెం నగిషీ కావాలి. మా వీధిలో పెళ్లి పత్రికల్లో వయసులు రాసేవాళ్లకు కూడా ఇదే సలహా ఇస్తూ ఉండేవాణ్ణి.

వదినకు ఈ విద్య అంటలేదు. ఆమెకు రసాయనశాలలో అన్నిటికన్నా నచ్చింది త్రాసు. అద్దాల పెట్టెలో ఉండే ఆ త్రాసు ముందు కూర్చుంటే ఆమె ముఖమే మారిపోయేది. చిమటాతో వెంట్రుకంత తూనికరాళ్లను పళ్లెంలో వేసి, అద్దం తలుపు మూసి, ముల్లు ఊగి ఊగి ఆగేదాకా ఊపిరి కూడా బిగబట్టేది. చిన్నప్పటి నుంచి అదే పని. వాళ్ల నాయిన చీరల అంచులకు పట్టు రంగు వేసేవాడు. సేటు తూచి ఇచ్చిన పట్టు దారం చిలపలను రంగులో ముంచి, ఆరబెట్టి, మళ్లీ తూచి అప్పజెప్పాలి. పదో ఏట నుంచి ఇంట్లో త్రాసు ఆమె చేతిలోనే ఉంది. మా తరగతిలో సగం మంది తూకాలు ఆమే వేసి ఇచ్చేది. అవి తీసుకొని, జాగ్రత్తగా పక్కన పెట్టి, మేం మా సొంత తూకాలు రాసుకునేవాళ్లం.

ఆ ఏడు పరీక్షలు వాయిదా మీద వాయిదా పడి ఆగస్టులోకి జారాయి. పాలమూరులో వాన పడటమే ఒక వార్త; ఆ వారం మాత్రం మబ్బు మా ఊరి మీద ఇల్లు అద్దెకు తీసుకున్నట్టు దిగి కూర్చుంది. ఉప్పు డబ్బాలో ఉప్పు నీళ్లయింది. అగ్గిపుల్లలు పెట్టె మీద గీస్తే మెత్తగా విరిగి ముడుచుకున్నాయి. నా రికార్డు పుస్తకం తేమకు ఉబ్బి, అందులో చదువు ఎక్కువైనట్టు కనబడింది. బయటి నుంచి పరీక్ష చేయడానికి కల్వకుర్తి మేడం వచ్చింది. రిటైరు కాబోతున్న మనిషి. సన్నగా, చేతిలో మగవాళ్ల గొడుగుతో. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో ఆమె చెప్పులకు తెలుసునని పై తరగతివాళ్లు బెదిరించి ఉన్నారు.

చీటీలు తీస్తే నాకూ వదినకూ మైలుతుత్తమే వచ్చింది. నాలుగు గంటల పరీక్ష. నేను మూసను మంట మీద పెట్టి, కాచేది ఎలాగూ లెక్కకు రాదని కిటికీ బయట వాన చూస్తూ నిలబడ్డాను. నీలం తెల్లబడింది. నేను చూస్తూనే ఉన్నాను, వానను. ఇంకాసేపటికి తెలుపు కాస్తా బొగ్గులా నల్లబడి, గొంతు కోసే పొగ వచ్చింది. మంట ఎక్కువైతే నీళ్లే కాదు, గంధకం కూడా లేచిపోతుందని తర్వాత తెలిసింది. అడుగున నల్లటి నేరేడు గింజ లాంటిది మిగిలింది. నేను కంగారు పడలేదు. కాగితం మీద నా మైలుతుత్తం అప్పటికే తెల్లగా, అందంగా, నాలుగు పాయింట్ తొంభై ఎనిమిది దగ్గర ఆరిపోయి ఉంది. సున్నితంగా మూసను తొట్టి దగ్గరికి తీసుకుపోయి కడిగేశాను.

వదిన రెండు గ్రాములు తూచుకొని, సన్న మంట మీద పెట్టి, పాలు పొంగకుండా చూసుకునే ఇల్లాలిలా దాని మీద నుంచి చూపు తిప్పలేదు. తెల్లబడ్డాక దించింది. కిటికీ పక్కన, వాన జల్లు పడని చోట, నీడకు పెట్టింది. అరగంట అలా ఉంచింది. అప్పుడు తూచింది. మళ్లీ కాచింది, మళ్లీ అరగంట నీడకు పెట్టింది, మళ్లీ తూచింది. రెండు తూకాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయి. ఆమె ముఖం వెలిగింది. కూర్చుని లెక్క కట్టింది. ఆ వెలుగు మెల్లగా తగ్గిపోవడం పక్క నుంచి చూశాను. నాలుగు పాయింట్ నలభై ఆరు వచ్చింది. దాదాపు నాలుగున్నర నీళ్లు. ఆ సగం నీటి అణువును ఏ కత్తితో కోశారో ఎవరికీ తెలియదు.

లెక్క మళ్లీ చేసింది. మళ్లీ అదే. మా సారు బల్లల మధ్య తిరుగుతూ ఆ అంకె చూసి ఆగిపోయాడు. పైకి ఏమీ అనకుండా అయిదు వేళ్లూ చాచి చూపించి, ఆశీర్వదిస్తున్నవాడిలా ముందుకు పోయాడు. నేను ఒక చీటీ మీద తూకాలు సవరించి, నాలుగు పాయింట్ తొంభై ఆరు వచ్చేలా నగిషీ పెట్టి, ఆమె రికార్డు కిందికి తోశాను. చదివింది. నాలుగు మడతలు పెట్టి తిరిగి నా జేబులో పెట్టింది.

"వదినా, ఫెయిలైతవ్" అన్నాను గుసగుసగా. "అమ్మ ఊకోదు."

"తెల్సు."

"మరి?"

"మరిదీ, మా నాయిన ముందల త్రాసు పట్టుకొని పెరిగిన. ముల్లు ఏడ ఆగితే గాడనే సదవాలె. నాకు నచ్చిన కాడ సదువుకుంటే ఇగ త్రాసెందుకు?"

మాట గట్టిగానే ఉంది. కానీ అంకె రాసేముందు కలం మూత రెండుసార్లు పెట్టి తీసింది. నాలుగు పాయింట్ నలభై ఆరు అని రాసింది. దాని కింద గీత గీసింది.

కల్వకుర్తి మేడం కాగితాలు ముందేసుకొని కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరి కాగితం తిప్పుతోంది. మైలుతుత్తం వచ్చినవాళ్లవి నాలుగు తొంభై ఏడు, ఐదు సున్నా ఒకటి, నాలుగు తొంభై తొమ్మిది. ఒకే మగ్గం మీద దిగిన చీరల్లా అన్నీ ఒకటే. ఒక కాగితం దగ్గర ఆగింది. వదినను పిలిచింది.

"అందరికీ ఐదు నీళ్లొచ్చినయి. నీకు నాలుగున్నరే వచ్చినయేందమ్మా?"

తెలియదని వదిన ఒప్పుకుంది. రెండుసార్లు కాచానని, రెండుసార్లూ తూకం ఒకటే వచ్చిందని చెప్పింది. కాచాక ఏం చేశావని మేడం అడిగింది. నీడకు పెట్టి, అరగంట గాలి తాగనిచ్చి తూచానంది.

"గాలెందుకు తాగనిచ్చినవ్?"

వదిన ఈ ప్రశ్నకు ఆశ్చర్యపోయింది. తూకం వేసేముందు గాలి తాగనివ్వకుండా ఎవరు తూస్తారన్నట్టు చూసింది. అప్పుడు చెప్పింది, వాళ్లింటి సంగతి. ఎండ మీది నుంచి తీసిన పట్టును వాళ్ల నాయిన త్రాసు ఎక్కనివ్వడు. ఒట్టి ఎండలో ఆరిన పట్టు తేలిపోతుంది, ముట్టుకుంటే తెగుతుంది. దాన్ని నీడకు వేసి, గాలిలో ఉన్న చల్లదనం తాగి నిండుకున్నాక తూస్తేనే అసలు బరువు. అలా తూచకుండా అప్పజెప్పినవాణ్ణి వాళ్ల వీధిలో ఎవరూ నమ్మరు. "ఎండ మీది తూకం దొంగ తూకం మేడం" అంది వదిన. ఎవరినో నిందిస్తున్నట్టు కాదు. నీళ్లు పల్లానికి పారుతాయి అన్నంత మామూలుగా.

మేడం కాగితం దగ్గరికి తీసుకొని ఒక వాక్యం మీద వేలు పెట్టింది. తూచేటప్పుడు పొడి అంచులకు లేత నీలం పడింది అని రాసి ఉంది అక్కడ. అది నువ్వే రాశావా అని అడిగింది.

"కండ్లకు కనబడ్డది, రాసిన."

"దించినప్పుడు ఉన్నదా ఆ నీలం?"

"లేదు. దించినప్పుడు సున్నం లెక్క ఉండె." అని, వదిన ఆగిపోయింది. రంగుల ఇంట్లో పుట్టిన పిల్ల. పోయిన రంగు తనంతట తాను తిరిగి రాదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కిటికీ వైపు చూసింది, వాన వైపు చూసింది. "గాలిల నీళ్లు తాగిందా మేడం?"

"తాగింది. పట్టు తాగాల్సినంత తాగి ఊకుంటది తల్లీ. ఇది తాగుతనే ఉంటది." అని మేడం మా సారు వైపు తిరిగి, వేడి మూసను తేమ తగలకుండా చల్లార్చే గాజుపాత్ర, డెసికేటరు, పిల్లలకు ఎందుకు ఇవ్వలేదని అడిగింది. సారు అటెండరు మామ వైపు చూశాడు. అటెండరు మామ అలమర నెత్తి వైపు చూశాడు. మేమందరం అటే చూశాం. మా కాలేజీ చరిత్రలో ఇంతమంది ఒకేసారి ఒకే దిక్కు చూసింది అదే మొదటిసారి, సెలవు ప్రకటించిన రోజులు తప్ప.

తువ్వాల తీసి, పాత్ర దించి, బల్ల మీద పెట్టారు. మూత జరపగానే వాము వాసన గుప్పుమంది. సముద్రాలు దాటి వచ్చిన ఆ సామాను నిండా మురుకులు ఉన్నాయి. పాత్ర అడుగున తేమను పీల్చే తెల్లటి గడ్డలు, వాటి మీద జాలీ, జాలీ మీద పళ్లెంలో చుట్లు చుట్లుగా మురుకులు. వానాకాలం మెత్తబడకుండా అటెండరు మామ కనిపెట్టిన ఏర్పాటు. ఎన్ని వానాకాలాలుగా నడుస్తుందో ఆయన చెప్పలేదు. మేడం ఒక మురుకు తీసి రెండు వేళ్ల మధ్య విరిచింది. బయట అగ్గిపుల్లలు కూడా మెత్తబడ్డ ఆ రోజున, ఆ మురుకు టప్పుమని విరిగిన చప్పుడు మూడో బల్ల దాకా వినబడింది.

"పాత్ర బాగానే పనిచేస్తున్నది" అంది మేడం. చెప్పులకు తప్ప తెలియదన్న ఆ నవ్వు ఆమె ముఖం మీద ఒక్క క్షణం కనబడింది. మురుకులు కాగితంలోకి మారాయి. మా అందరి మౌఖిక పరీక్ష అయ్యేలోగా మళ్లీ కాచి తూచమని, అదే ఆమె మౌఖిక పరీక్ష అని వదినకు చెప్పింది.

వదిన కాచింది. ఈసారి దించగానే డెసికేటరులో పెట్టి మూత వేసింది. వాన పెరిగింది. పాత్ర బయట అద్దమంతా ఆవిరి పట్టింది. లోపల పొడి మాత్రం సున్నంలా తెల్లగానే ఉంది. తూచి లెక్క కడితే నాలుగు పాయింట్ తొంభై మూడు వచ్చింది. పాత అంకె కొట్టెయ్యమని సారు పక్క నుంచి చెప్పాడు. వదిన కొట్టెయ్యలేదు. అదీ తూచిందే కదా అని, కొత్తది దాని కింద రాసింది.

నా వంతు వచ్చింది. మేడం నా కాగితం చూసింది. నాలుగు పాయింట్ తొంభై ఎనిమిది. నా మూస తెమ్మంది. కడిగేశానని చెప్పాను. మూస తెచ్చి చూపించాను. పెళ్లికూతురి పాదంలా మెరుస్తోంది. "మంచిగ కడిగినవ్" అంది. అడగాల్సిన ప్రశ్నలేవీ అడగలేదు. మార్కులు వేస్తూ, తలెత్తకుండానే ఒక్క మాట అంది. "ఆ అమ్మాయి కాగితంల తప్పు ఏడున్నదో వెతికితే దొరికింది. నీ కాగితంల వెతికే జాగనే లేదు." అది మెచ్చుకోలు అని నేను బయటికి వచ్చి స్నేహితులకు చెప్పుకున్నాను.

ఫలితాలు ఏమయ్యాయో దాచను. నాకు యాభైకి నలభై నాలుగు వచ్చాయి. వదినకు ముప్పై మూడు. మేడం తప్పును తప్పుగానే లెక్కపెట్టింది, దయ చూపలేదు. ఏమైతేనేం, పాసైంది. తర్వాత బీఎడ్ చేసింది, లింగాలలో, ఇంకా రెండు మూడు ఊళ్లలో సైన్సు చెప్పింది, ఇప్పుడు కొత్తకోట దగ్గర ఒక బడిలో చెబుతోంది. నా నలభై నాలుగు మార్కులు నన్ను ఏ ఊరికీ తీసుకుపోలేదు. అవి ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు. కానీ ఇవన్నీ తర్వాతి మాటలు, ఫలితాలకే రెండు నెలలు పట్టింది. వదిన చదువు తేలింది ఫలితాలు వచ్చిన రోజున కాదు. ఆ పరీక్ష రోజు సాయంత్రమే.

తడిసి ఇంటికి చేరేసరికి అమ్మ వసారాలో కాళ్లు చాపుకొని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. దారిలో నేను వదినకు చాలా చెప్పాను: ఇప్పుడే ఏమీ అనొద్దని, ఫలితాలు వచ్చినప్పుడు చూసుకోవచ్చని, అప్పటికి అమ్మ మోకాళ్లు మంచి మూడ్‌లో ఉండొచ్చని. ఆమె వినలేదు. పుస్తకాలు కూడా కింద పెట్టకుండా, గడపలో నిలబడే మొత్తం చెప్పింది. తప్పు చేశానని, నీడకు పెట్టకూడనిది పెట్టానని, అది గాలిలో నీళ్లు తాగిందని, మళ్లీ చేయనిచ్చారు గానీ ఎన్ని మార్కులు వేస్తారో తెలియదని. "పోవచ్చు అత్తమ్మా" అంది చివరికి. పైట కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. నీళ్లు కారుతున్నది జుట్టు నుంచో కళ్ల నుంచో నేను చూడలేదు.

అమ్మకు మైలుతుత్తం అంటే తెలుసు, మా నాయిన కాలి పుండుకు ఎవరో పెట్టమంటే తిట్టి పంపిన వస్తువు. అందులో నీళ్లుంటాయంటే నమ్మలేదు. కానీ మిగతాదంతా విన్నది. నూనె చెయ్యి మోకాలి మీదే ఆగింది.

"తప్పేడ జరిగిందో దొరికిందా?"

"దొరికింది."

"దొరికినంక గూడ ఫెయిల్ చేస్తే గదేం సదువు పిల్లా?" అమ్మ మళ్లీ నూనె రాసుకోవడం మొదలుపెట్టింది. "పోతే పోనీ. మళ్ల రాద్దువు. పో, తల తుడుసుకో, జరమొస్తది."

అంతే. ఏడాది పాటు మా ఇంటి దూలంలా కూర్చున్న షరతు అలా నూనె రాసుకుంటూ తీసేసింది. వదిన లోపలికి పోయింది. తువ్వాల వెతుకుతూ ఏదో డబ్బా కింద పడేసింది. అంత జాగ్రత్తగల మనిషి చేతి నుంచి ఏదైనా కింద పడటం ఆ ఇంట్లో అదే మొదలు. ఈ గొడవలో నేను ఉన్నానన్న సంగతి ఎవరికీ గుర్తు రాకుండా మెల్లగా నా చాప వైపు జరుగుతున్నాను. అమ్మ పిలిచింది.

"నువ్వు గూడ గదే కాచినవా?"

"ఆఁ."

"నీకెంతొచ్చింది?"

"నాలుగు పాయింట్ తొంభై ఎనిమిది. దాదాపు ఐదు. ఫుల్లు."

అమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. బడి మెట్లు ఎక్కని మనిషి. త్రాసు పట్టింది ఉల్లిగడ్డలు తూచేటప్పుడే.

"ఒక్కటే వాన, ఒక్కటే కిటికి, ఒక్కటే బల్ల గదరా. వదినది గాలి తాగితే, నీది ఎందుకు తాగలే?"

నేను నవ్వాను. ఏదో అనబోయాను, మాట రాలేదు. మాటలకు కరువు లేని నోరు నాది, ఊరంతా ఒప్పుకుంటుంది. అమ్మ రెట్టించలేదు. నూనె గిన్నె నా చేతికిచ్చి లోపల పెట్టమంది. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

మొన్న బస్సు దిగి ఇంటికి వచ్చాక నిమ్మచెట్టు సంగతి పక్కనపెట్టి, ఇదంతా కూర్చుని రాశాను. అమ్మ పోయి పన్నెండేళ్లయింది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాయడానికి కాలం నాకు ఇరవై తొమ్మిదేళ్లు గడువిచ్చింది. అడిగిన మనిషికి మాత్రం అంత ఇవ్వలేదు.